పని మీది, గది వాళ్ళది

డెన్‌జిల్ సంచి సర్దుకుంటున్నాడు.

నావికులు భుజాన వేసుకు తిరిగేలాంటి ఖాకీ గుడ్డసంచి అది. మంచం మీద దాని నోరు తెరిచి పెట్టి, ఒక్కొక్క చొక్కానీ చాప చుట్టినట్టు బిగించి చుట్టి లోపల కూరుతున్నాడు. గడ్డం గీసుకునే బ్రష్షుని తువ్వాల్లో చుట్టాడు. గోడ మీద పటాలు అప్పటికే దింపేశాడు. అవి వేలాడిన చోట గోడ తెల్లగా ఉంది.

బెరిల్ టాప్లీ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె రెండు చేతుల్లో అక్రోటు కేకున్న పళ్ళెం ఉంది. పొద్దున్నే లేచి డెన్‌జిల్ కోసం చేసిన కేకు.

ఎవరైనా సంచి సర్దుతుంటే చూడలేని మనిషి బెరిల్. లండన్ మీద బాంబులు పడే రోజుల్లో, ఆమెకు నాలుగేళ్ళప్పుడు, తల్లి రెండు గౌన్లు చిన్న పెట్టెలో పెట్టి, కోటు గుండీకి పేరు రాసిన చీటీ కట్టి, బాంబుల భయం లేని పల్లెకు పోయే రైలెక్కించింది. వచ్చే ఆదివారం వచ్చి తీసుకుపోతానంది. ఆమెను తీసుకుపోవడానికి మనిషి వచ్చేసరికి యుద్ధమే అయిపోయింది. వచ్చింది పిన్ని. ఆ తర్వాత డెబ్బై దాటినా సరే, ఊరెళ్ళేవాళ్ళ సంచి కనబడితే బెరిల్ పక్కగదిలోకి వెళ్ళిపోతుంది.

పోయిన వారం కథలో ఈమెను మనం వంటింట్లో, చేతులకి పిండితో, ఏడుస్తూ నవ్వుతూ ఉండగా వదిలి వచ్చాం. అంత సంబరం ఎందుకంటే, వాళ్ళుండే సెల్విన్ కోర్టు అనే ఫ్లాట్ల భవనం గెలిచింది. అక్కడ ఎవరి ఫ్లాటు వాళ్ళు కొనుక్కున్నదే, కానీ అది లీజు మీద కొనుక్కోవడం. గోడలూ కప్పూ నేలా లండన్‌లో ఉన్న ఒక కంపెనీవి. ఆ కంపెనీ పెట్టిన ఏజెంట్లే ఇన్నాళ్ళూ భవనాన్ని నడిపారు. కిందటి వేసవిలో వాళ్ళు డెన్‌జిల్ రో అనే ఈ కేర్‌టేకర్‌ని తీసేస్తామన్నారు. లిఫ్టు ఆగితే ఫలానా నంబరుకి ఫోన్ చెయ్యండని ఒక కాగితం గోడకంటించి పోయారు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ మెట్లు కడిగి, ముసలాళ్ళ సంచులు మోసి, తాళాలు పోగొట్టుకున్నవాళ్ళకి తలుపులు తీసి, సముద్రపు గాలికి నల్లబడే ఇత్తడి పిడుల్ని రోజూ తోమిన మనిషికి బదులు ఒక ఫోన్ నంబరు!

అప్పుడు మూడో అంతస్తులో ఉండే లియోనెల్ పెటిఫర్, రిటైరైన హెడ్మాస్టరు, చట్టం చదివి చెప్పాడు. ఫ్లాట్లవాళ్ళలో సగంమంది కలిసి ఒక సంఘంగా ఏర్పడితే చాలు, ఏజెంట్ల తప్పేమిటో రుజువు చెయ్యక్కర్లేదు, భవనం నిర్వహణ వాళ్ళ చేతికి వచ్చేస్తుంది. ఆ సగంమందిని పోగుచేసింది బెరిల్. లిఫ్టు ఆగిన రోజుల్లో కూడా నొప్పి మోకాలితో మెట్లెక్కి, ప్రతి తలుపూ తట్టి ఆమె చెప్పింది ఒక్కటే మాట. "డెన్‌జిల్ ఉండాలంటే సంతకం పెట్టండి."

పెట్టారు. ఈ మధ్యాహ్నం పన్నెండింటికి సెల్విన్ కోర్టు వాళ్ళ చేతికి వస్తుంది. పైన హాల్లో అందరూ కూడుతున్నారు.

ఇక్కడేమో డెన్‌జిల్ సంచి సర్దుకుంటున్నాడు.

"ఏమిటిది? ఇవాళ్టి రోజునా ప్రయాణం?" అంది బెరిల్. గొంతు తేలిగ్గానే పెట్టాలనుకుంది. కుదరలేదు.

"రండి మిసెస్ టాప్లీ, లోపలికి రండి. కేకు నాకేనా? పైవాళ్ళకైతే ముందే చెప్పండి, ఆశ పెట్టుకోను." ఇన్నేళ్ళలో అతను ఆమెను ఒక్కసారి కూడా బెరిల్ అనలేదు.

"నీకే. ముందు నేనడిగింది చెప్పు."

"పెన్‌జాన్స్‌లో మా అన్న ఉన్నాడు కదా. వాడి దగ్గరికి."

"ఎన్నాళ్ళకి?"

డెన్‌జిల్ ఒక జత మేజోళ్ళు చుట్టి సంచి మూలకి తోశాడు.

"డెన్‌జిల్, నేను ముసలిదాన్ని. నన్నిలా నిలబెట్టి ఏడిపించకు. ఎన్నాళ్ళకి?"

"కూచోండి. కుర్చీ ఇంకా ఉంది. అది నాది కాదు, వాళ్ళదే." ఆమె చేతిలోంచి పళ్ళెం తీసుకుని స్టవ్ పక్కన పెట్టాడు. "ఇంకో గంటలో ఒకాయన వస్తాడు, ఈ గది తాళంచెవి కోసం. ఆయన కంటపడటం ఇష్టం లేదు. తాళంచెవి ద్వారబంధం మీద పెట్టి వెనక గేటులోంచి పోతాను."

"ఎవరాయన? ఏజెంట్లా? వాళ్ళకిక ఇక్కడేం పని? పన్నెండు కొట్టాక ఈ భవనంలో చీపురుపుల్ల ముట్టుకోవాలన్నా మనల్నడగాలి!"

"మెట్లు మీవి. లిఫ్టు, బాయిలరు, కప్పు, అన్నీ మీ చేతిలోకే వస్తాయి. నా ఉద్యోగం కూడా. జీతం ఇక మీరే ఇస్తారు. కానీ ఈ గది మీ కిందికి రాదు, మిసెస్ టాప్లీ."

"రాకపోవడమేమిటి? ఇది భవనంలో లేదా?"

"ఉంది. కానీ దీన్నెవరూ కొనుక్కోలేదు కదా, లండన్ కంపెనీ తన పేరు మీదే ఉంచుకుంది. ఏజెంట్లున్నన్నాళ్ళూ కేర్‌టేకర్‌కి చోటు చూపించే బాధ్యత వాళ్ళది. అందుకని ఇక్కడ ఉండనిచ్చారు. ఇవాళ్టితో ఆ బాధ్యత తీరిపోయింది. గది అమ్ముకుంటారట." కాస్త నవ్వబోయాడు. "పని మీది, గది వాళ్ళది. అంతే."

బెరిల్ కుర్చీ చేతులు రెండూ పట్టుకుంది. విన్న మాటలన్నీ విడివిడిగా అర్థమవుతున్నాయి. కలిపి చూస్తే మాత్రం నమ్మబుద్ధి కావటం లేదు. ఈ మనిషి ఉండాలని కదా ఇదంతా మొదలుపెట్టింది. ఉండాలని చేసిన పనే ఇతన్ని గదిలోంచి గెంటేసిందా? సంతకాలు పెట్టించిన ఆ తలుపులన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. తను నవ్వుతూ ఒక్కొక్క గడప దగ్గర ఇతని కాళ్ళకింద ఒక్కొక్క మెట్టూ పీకేస్తూ పోయిందన్నమాట.

"నీకెప్పటినుంచి తెలుసు?"

"క్రిస్మస్ ముందు నోటీసిచ్చారు."

"మూడు నెలలా! వారం వారం మా ఇంట్లో టీ తాగావు కదయ్యా. ఒక్క ముక్క చెప్పలేదేం?"

"మిస్టర్ పెటిఫర్ వద్దన్నారు. 'అంతా తేలేదాకా ఎవరికీ చెప్పకు డెన్‌జిల్, ముఖ్యంగా బెరిల్‌కి చెప్పకు, తర్వాత నీకో చోటు నేను చూస్తాను' అన్నారు. సరేనన్నాను."

"చూశాడా?"

"మొన్న అడిగితే ఇంకా చూస్తున్నానన్నారు. ఆయన కళ్ళు నా మొహం మీద లేవు. నేనూ మళ్ళీ అడగలేదు."

"మా ఇంటికి రా." బెరిల్ లేచి నిలబడింది. "చిన్న గది ఉంది. కుట్టుమిషను హాల్లోకి లాగేస్తాను. ఈ సంచి ఇలాగే పట్టుకుని పైకి వచ్చెయ్."

డెన్‌జిల్ మొహం ఎర్రబడింది. అరవై దాటిన మగవాడు కుర్రాడిలా కిందికి చూశాడు. "ఆ మాట అన్నారు, చాలు. నేను ఒకరి కుట్టుమిషను జరిపించి బతికే రకం కాదు. నన్ను పోనివ్వండి. కేకు మాత్రం ఒక ముక్క కాగితంలో చుట్టివ్వండి, రైల్లో తింటాను."

ఆమె ముక్క కోయబోయింది. కేకంతా పొడిపొడిగా రాలింది. చివరికి అతనే చాకు తీసుకుని కోసుకున్నాడు.

*

హాల్లో షెర్రీ వైను గ్లాసులు చేతులు మారుతున్నాయి. మెట్ల కమ్మీకి ఎవరో రంగు కాగితాల తోరణం కట్టారు. లియోనెల్ పెటిఫర్ తలుపు పక్కన కొత్త బోర్డు పట్టుకుని నిలబడ్డాడు. 'సెల్విన్ కోర్టు, ఇక్కడ నివసించేవారి నిర్వహణలో' అని తనే బంగారు రంగుతో రాసుకున్నాడు. పొడుగాటి మనిషి. బడి వదిలి ఎన్నేళ్ళయినా, మాట్లాడేముందు అందరూ నిశ్శబ్దమయ్యేదాకా ఆగే అలవాటు పోలేదు.

ఉన్న ఒక్క కుర్చీలో, రెండో నంబరు ఫ్లాటు ఐరిస్ బ్లంట్ కూచుని ఉంది. సెల్విన్ కోర్టులో అందరికంటే పెద్దది, నోరు కూడా అందరికంటే పెద్దదే.

"వచ్చావా బెరిల్! నీ డెన్‌జిల్ ఏడీ? ఈ సాసేజ్ రోల్స్ పళ్ళెం పట్టుకుని నేను తిరగాలా ఏమిటి? నా తుంటి ఎముక ఇప్పటికే ఉద్యోగం మానేసింది."

ఎవరో నవ్వారు. బెరిల్ నవ్వలేదు. తిన్నగా పెటిఫర్ ముందుకి వెళ్ళి నిలబడింది.

"లియోనెల్, డెన్‌జిల్ గది మనకి రాదట. నిజమేనా?"

పెటిఫర్ బోర్డుని మెల్లిగా గోడకి ఆనించాడు. "బెరిల్, దీని గురించి రేపు మా ఇంట్లో కూచుని మాట్లాడుకుందాం."

"రేపటికి అతను పెన్‌జాన్స్‌లో ఉంటాడు. ఇక్కడే చెప్పండి. సంతకం పెట్టినవాళ్ళంతా ఇక్కడే ఉన్నారు."

"ఏమిటి? ఎవరు పెన్‌జాన్స్‌లో ఉంటారు?" అంది ఐరిస్.

"డెన్‌జిల్. కింద సంచి సర్దుకుంటున్నాడు. నిర్వహణ మన చేతికొచ్చింది కాబట్టి అతని గది పోయింది. ఈయనకి ముందే తెలుసు. అతన్ని నోరు మూసుకోమని చెప్పింది కూడా ఈయనే."

ఎవరి గ్లాసు వాళ్ళ చేతిలో అలాగే ఉంది.

"వకీలు మొదటి రోజే చెప్పాడు," అన్నాడు పెటిఫర్ చివరికి. అబద్ధం ఆడలేదు, అది ఒప్పుకోవాలి. "కానీ ఆలోచించండి. సగంమంది రావాలి. ఆ మాట నేను బయటపెట్టి ఉంటే సగం వచ్చేవారా?"

"వచ్చేవాళ్ళం కాదు," అంది ఐరిస్. "నేను సంతకం పెట్టింది వాడికోసం. నీ బంగారు బోర్డు కోసం కాదు."

"మీ పడకగదిలో కప్పు కింద బకెట్టు పెట్టుకుని ఎన్నేళ్ళయింది ఐరిస్? ఏజెంట్లు ఒక్కసారైనా పైకెక్కి చూశారా? ఈ శీతాకాలం ఇంకోటి గడిస్తే ఆ కప్పు మీ మీదే పడేది!"

"ఆ బకెట్టు రోజూ పారబోసేది వాడే కదయ్యా!"

బెరిల్ పెటిఫర్ మొహంలోకే చూస్తోంది. కిందటి వేసవి నుంచీ ఈ మనిషి పక్కనే కూచుని టీ కాచి ఇచ్చింది. ఇతను చదివి చెప్పిన మాటలు మోసుకుని తలుపు తలుపుకీ తిరిగింది.

"మీరు నాకు చెప్పకుండా ఉండటంతో ఊరుకోలేదు లియోనెల్," అందామె నెమ్మదిగా. "నా నోటితో అబద్ధం చెప్పించారు. మీరే తలుపు తడితే ఎవరూ తియ్యరని నన్ను పంపారు."

"ఎలాగూ పోయేవాడే బెరిల్! ఏజెంట్లు అతన్ని తీసేసేవాళ్ళే. ఏం చేసినా ఆ గది దక్కేది కాదు. కనీసం భవనం దక్కింది. దానిలో తప్పేముంది?"

ఆ మాటలో కొంత నిజముంది. హాల్లో ఒకరిద్దరు తలలు కూడా ఊపారు. బెరిల్‌కి కూడా ఒక్క క్షణం, కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు తోసుకుని ఒకాయన వచ్చాడు. తడిసిన రెయిన్‌కోటు, బట్టతల, మర్యాదగల మొహం. పొరపాటున పెళ్ళింట్లోకి వచ్చినవాడిలా గుమ్మం దగ్గరే ఆగి, తోరణం వంకా గ్లాసుల వంకా చూశాడు.

"క్షమించండి, వేడుకలో ఉన్నట్టున్నారు. కంపెనీ తరఫున వచ్చాను. కింద గదికి దారి ఎటండీ?"

ఆయన పెటిఫర్‌ని గుర్తుపట్టాడు. చెయ్యి చాచాడు.

"మిస్టర్ పెటిఫర్! అభినందనలు. గట్టి మనిషి మీరు. మనసులో ఏమీ పెట్టుకోకండి, మా వాళ్ళు చెయ్యగలిగింది చేశారు."

"ఏం చేశారు?" అంది బెరిల్.

"అదేనండీ, రాజీకి వచ్చారు కదా. అక్టోబరులో." ఆయన బెరిల్ వైపు తిరిగాడు. ముసలావిడకి విడమరిచి చెప్పాలనుకున్నాడు పాపం. "మీరు ఈ పని విరమించుకుంటే కేర్‌టేకర్‌ని రిటైరయ్యేదాకా ఉంచుతాం, రిటైరయ్యాక కూడా ఆ గదిలోనే బతికినన్నాళ్ళూ ఉండనిస్తామని చెప్పాం. నేనే స్వయంగా వచ్చి మిస్టర్ పెటిఫర్‌తో మాట్లాడాను. ఆయన మీ అందరితో చర్చించి, ఒక్కరూ ఒప్పుకోలేదని చెప్పారు."

ఐరిస్ చేతిలో సాసేజ్ రోల్స్ పళ్ళెం ఒక పక్కకి ఒరిగింది. ఒకటి దొర్లి నేల మీద పడింది. ఎవరూ తియ్యలేదు.

చర్చ! ఎవరితో? ఎప్పుడు? ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రతి మొహంలోనూ అదే ఉంది. ఎవరికీ తెలియదు. అక్టోబరు నెలలో బెరిల్ ఇంకా తలుపులు తడుతూనే ఉంది. వానలో తడిసి వచ్చి ఇదే పెటిఫర్ ఎదురుగా కూచుని, "ఇంకో నలుగురు ఒప్పుకున్నారు లియోనెల్, మన డెన్‌జిల్ నిలబడతాడు" అని చెప్పింది. ఆయన ఆమె కప్పులో పంచదార వేశాడు.

బెరిల్ మెట్ల మీద కూలబడింది. పోవలసినవాడు కాడు. ఉండవలసినవాడు. బతికినన్నాళ్ళూ ఉండవలసినవాడు. ఆ మాట ఈ భవనంలో ఒక్కడికే తెలుసు.

"ఎందుకు?" అందామె.

పెటిఫర్ గొంతు సవరించుకున్నాడు. అలవాటు ప్రకారం అందరూ నిశ్శబ్దమయ్యేదాకా ఆగాడు. కానీ అప్పటికే అక్కడ ఊపిరి చప్పుడు కూడా లేదు.

"నేను నడిపితే బాగా నడుస్తుందనుకున్నాను," అన్నాడు. "నలభై ఏళ్ళు బడి నడిపాను. ఆ తర్వాత నన్నెవరూ ఏదీ అడగలేదు."

"దానికి వాడి గది కావలసి వచ్చిందా?" అంది ఐరిస్. ఈసారి ఆవిడ నోట్లో ఎగతాళి లేదు.

పెటిఫర్ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టాడు. మొహం తెల్లకాగితంలా ఉంది. గోడ గడియారం వైపు చూశాడు.

"ఈపాటికి స్టేషన్‌కి వెళ్ళిపోయి ఉంటాడు. రైలుకి ఇంకా టైముంది. నేను వెళ్ళి తీసుకొస్తాను. నా ఇంట్లో రెండో గది ఖాళీగానే ఉంది. మొదటే ఇవ్వాల్సింది."

"కోటు వేసుకోండి," అంది బెరిల్. అంత కోపంలోనూ ఆ మాట దానంతటదే వచ్చింది. "బయట వాన."

ఆయన వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తాడు. తలుపు మూసుకుంది. కిటికీలోంచి బెరిల్ చూస్తూనే ఉంది. పొడుగాటి మనిషి, తల వంచుకుని, వానలో స్టేషన్ రోడ్డు మీద పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ పోయాడు.

*

పండగ దానంతటదే ముగిసిపోయింది. ఎవరి గ్లాసు వాళ్ళు కడుక్కుని పైకి పోయారు. కంపెనీ మనిషి ద్వారబంధం మీద తాళంచెవి తీసుకుని, వచ్చిన దానికంటే నెమ్మదిగా వెళ్ళిపోయాడు. బెరిల్, ఐరిస్ మాత్రం హాల్లోనే ఉండిపోయారు. రెండు సాసేజ్ రోల్స్ పళ్ళెంలో ఎండిపోతున్నాయి.

"తీసుకొస్తాడంటావా?" అంది బెరిల్.

"తేకపోతే నేనే ఈ తుంటితో పెన్‌జాన్స్ పోతాను."

"రైలు దొరక్కపోతే?"

"బెరిల్, నువ్వు ఇంకోసారి ఆ మాటన్నావంటే నిన్ను ఆ బోర్డుతో కొడతాను."

వాన తగ్గింది. దీపాలు వేసే వేళకి తలుపు తెరుచుకుంది. ఖాకీ సంచి ముందు కనబడింది, దాని వెనక డెన్‌జిల్.

బెరిల్ లేచి వెళ్ళి అతని తడి చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. ఐరిస్ మాత్రం కుర్చీలోంచే, "బకెట్టు నిండింది, ఎప్పుడు చూస్తావు?" అని అరిచింది. అరిచాక ముక్కు చీదుకుంది.

"మిస్టర్ పెటిఫర్ ఇంకా రాలేదా?" అన్నాడు డెన్‌జిల్.

"నీతోనే కదా రావాలి?"

డెన్‌జిల్ సంచి దించాడు. తన జేబులోంచి ఒక తాళంచెవి తీశాడు. అది పెటిఫర్ ఫ్లాటుది.

"ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తుకుంటూ వచ్చారు. ఊపిరాడటం లేదు. ఇది నా చేతిలో పెట్టి, 'నువ్వు నా ఇంట్లో ఉండు డెన్‌జిల్, రెండో గది కాదు, ఇల్లంతా' అన్నారు. తర్వాత నా టిక్కెట్టు అడిగారు. ఎందుకండీ అంటే, 'వృథా పోతుంది కదా' అన్నారు. హాస్యమాడుతున్నారనుకున్నాను. ఇచ్చాను." డెన్‌జిల్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "రైలెక్కారు. పక్క స్టేషన్‌లో దిగి వెనక్కి వస్తారనుకుని, ఇంతసేపూ అక్కడే బెంచీ మీద కూచున్నాను. కోటు కూడా లేదు ఆయనకి."

ఐరిస్ నోరు తెరిచింది. మొదటిసారి ఆ నోట్లోంచి ఏ మాటా రాలేదు.

ఆ రోజు స్టేషన్‌కి వెళ్ళిన ఇద్దరిలో డెన్‌జిల్ రో తిరిగి వచ్చాడు. లియోనెల్ పెటిఫర్ రాలేదు. ఆయన సెల్విన్ కోర్టు గుమ్మం దాటింది రెండువేల తొమ్మిది మార్చి పదిహేడు, మంగళవారం మధ్యాహ్నం. మళ్ళీ ఎప్పుడూ ఆ గుమ్మంలో అడుగు పెట్టలేదు.